తెలుగు వెబ్‌సైట్లకు పరీక్షా నియమాలు రాయించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఐటీ, ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ల శాఖల కార్యదర్శులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గార్లకు,

వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు వైకల్యం ఉన్నవారికి పనికొస్తున్నాయో లేదో పరీక్షించడం నా వృత్తి. ఆ పనిలో రోజూ ఎదురయ్యే ఒక లోటు గురించి మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. రాష్ట్రాలు రెండయినా లిపి ఒకటే, వాడే ఫాంట్లు అవే, పీడీఎఫ్‌ల తిప్పలు అవే. ఒకరు రాయించిన పరీక్ష రెండోవారికి అక్షరం మార్చకుండా పనికొస్తుంది.

అడగదలచుకున్నది ముందే చెబుతాను. ఒక తెలుగు వెబ్ పేజీ చూపులేనివారికి, వినికిడి లేనివారికి, చేతులు సరిగా కదలనివారికి అందుతోందా లేదా అని తేల్చడానికి రాతపూర్వకమైన పరీక్షా నియమాలు కావాలి. వాటిలో కొన్ని యంత్రం నడిపేవి, కొన్ని మనిషి స్వయంగా చేసి చూడాల్సినవి. మీ రెండు శాఖలు కలిసి వాటిని రాయించాలి, అందరూ చూసేలా ప్రచురించాలి, టెండర్లలో చేర్చాలి.

ఇప్పుడే ఎందుకంటే, తప్పించుకునే దారులను సుప్రీంకోర్టు మూసేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అందుబాటును తప్పనిసరి చేసింది. దాని కింద 2017లో వచ్చిన నిబంధనల్లో 15వది దాన్ని సలహాల స్థాయికి దించిందని, అది చట్టానికే విరుద్ధమని 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో కోర్టు తేల్చింది. ఎట్టి పరిస్థితుల్లోనూ పాటించాల్సిన కనీస నిబంధనలను సలహాల నుంచి విడదీసి మూడు నెలల్లో రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది మన హైదరాబాద్‌లోనే, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రంలో. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న మనిషిని గుర్తింపు తనిఖీ (కేవైసీ) కోసం కెమెరా ముందు రెప్పలార్పమంటే ఎలా అన్న ప్రశ్న నుంచి పుట్టిన కేసు అది.

తప్పనిసరి అన్నాక, పాటించారా లేదా అని ఎవరో ఒకరు తేల్చాలి. ఒకే పేజీని ఇద్దరు పరీక్షకులు చూస్తే ఇద్దరి జవాబూ ఒకటే కావాలి. లేకపోతే అధికారి ఏ ధైర్యంతో బిల్లు ఆపుతాడు? కాంట్రాక్టరు ఏ ఆధారంతో దిద్దుతాడు? కొట్లో తూకం రాయి మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది కాబట్టే కొనేవాడికీ అమ్మేవాడికీ కిలో అంటే ఒకే కిలో. మన వెబ్‌సైట్ల విషయంలో ఆ ముద్ర ఉన్న రాయి ఇంకా లేదు.

నేను చూసిన టెండర్లలో దీని గురించి ఉండేది ఒకే ఒక్క వాక్యం: సైటు ప్రభుత్వ సైట్ల కోసం కేంద్రం ఇచ్చిన జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలకు, అంతర్జాతీయ వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీకి అనుగుణంగా ఉండాలి. దానికి జవాబుగా ఫైల్లో చేరేది ఒక స్క్రీన్‌షాట్. క్రోమ్ బ్రౌజర్‌లోని లైట్‌హౌస్ అనే పరీక్షా సాధనం ఇచ్చిన 100 మార్కులు, చుట్టూ ఆకుపచ్చ వలయం. ఆ 100 ఎంతవరకు నమ్మదగినదో 2019లో మాన్యుయెల్ మాతుజొవిచ్ అనే ఆస్ట్రియా డెవలపర్ చేసి చూపించాడు. మౌస్‌కూ కీబోర్డుకూ, తెర మీది పాఠాన్ని గట్టిగా చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కూ దేనికీ లొంగని పేజీ ఒకటి కావాలని తయారుచేసి, దానికి లైట్‌హౌస్ చేత నిండు 100 వేయించాడు. అంతకు రెండేళ్ల ముందు బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ ఇంకా పద్ధతిగా చూసింది. 140కి పైగా లోపాలు కావాలని పెట్టిన పేజీ మీద పది పరీక్షా సాధనాలను వదిలితే, అన్నిటికన్నా మెరుగైనది కూడా 40 శాతం దగ్గరే ఆగింది. పావు వంతుకు పైగా లోపాలు ఏ సాధనానికీ చిక్కలేదు.

అలాగని యంత్రాన్ని పక్కన పెట్టమనడం లేదు. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోం పేజీలను యంత్రంతో జల్లెడ పడుతుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. దొరికినవాటిలో నూటికి 96 దాకా ఆరంటే ఆరు రకాలే: వెలిసిపోయినట్టుండే అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని ఫారం ఖానాలు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష ప్రకటించని పేజీ. ఈ ఆరింటినీ రోజూ రాత్రి మనిషి ప్రమేయం లేకుండా మీ సర్వర్ల మీద వెతికించవచ్చు. ఇంత సులువుగా దొరికేవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతున్నాయంటే నాకు బాధగా ఉంటుంది. వీటికోసం ఏ అంధ విద్యార్థీ ఫిర్యాదు రాయాల్సిన అవసరం రాకూడదు.

యంత్రం హద్దు ఎక్కడో ఒక్క ఖానా దగ్గర ఆగి చూద్దాం. ఉపకార వేతనం దరఖాస్తు. ఆధార్ నంబరు రాయాల్సిన పెట్టె. కంటికి పెట్టె పైన ‘ఆధార్ సంఖ్య’ అని కనిపిస్తుంది. ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ పెట్టుకుని ట్యాబ్ నొక్కుకుంటూ అక్కడికి వస్తే ‘ఎడిట్, ఖాళీ’ అని వినిపిస్తుంది. పైనున్న రాతకూ పెట్టెకూ కోడ్‌లో ముడి పడలేదు కాబట్టి ఏం రాయాలో వినేవారికి తెలియదు. దీన్ని యంత్రం పట్టేస్తుంది, ఎర్ర గుర్తు పెడుతుంది. డెవలపర్ ఆ ఎర్ర గుర్తు పోవడానికి లోపల ‘టెక్స్ట్‌బాక్స్ 14’ అని ఓ పేరు తగిలిస్తాడు. మర్నాడు యంత్రానికి అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఖానాకు పేరుంది, పాస్. వినే విద్యార్థికి మాత్రం ఇప్పుడు ‘టెక్స్ట్‌బాక్స్ 14, ఎడిట్’ అని వినిపిస్తుంది. అక్కడ ఏం నింపాలి? తండ్రి ఆదాయమా, బ్యాంకు ఖాతానా?

ఈ చిక్కును విడదీసే పద్ధతి ఇప్పటికే ఉంది. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ 2019 అక్టోబర్ 31న ఏసీటీ రూల్స్ ఫార్మాట్ అనే పత్రాన్ని ప్రమాణంగా ఆమోదించింది. పరీక్షా నియమం ఎలా రాయాలో చెప్పే పత్రం అది. ఆ ఒరవడిలో వచ్చిన నియమాల్లో ఖానాకు పేరుందా అన్నది ఒకటి, ఆ పేరు ఖానా పని చెబుతోందా అన్నది వేరొకటి. మొదటిది యంత్రానికి అప్పజెప్పవచ్చు. రెండోదానికి చదివి అర్థం చేసుకునే మనిషి కావాలి. బొమ్మలకూ అంతే. వివరణ ఉందా అన్నది యంత్రం చెబుతుంది, ముఖ్యమంత్రి గారి ఫొటోకు ‘ఐఎంజీ 0047’ అని రాసిన వివరణ సరిపోతుందా అన్నది మనిషి చెప్పాలి.

ఆ ఒరవడిలో రాసిన నియమం మొదట తను దేనికి వర్తిస్తుందో చెబుతుంది. పేజీలోని ఏ ఖానా, ఏ బొమ్మ, ఏ పరిస్థితిలో అన్నది అనుమానానికి తావు లేకుండా ఉండాలి. తర్వాత అక్కడ ఏం కనబడితే పాస్ అన్నది. ఏం అనుకుని ఈ నియమం రాశామన్న మాట కూడా దాచకుండా పెడతారు. వీటన్నిటికన్నా నాకు నచ్చేది చివర్లో చేర్చే ఉదాహరణలు: పాసయ్యే చిన్న చిన్న కోడ్ ముక్కలు, ఫెయిలయ్యేవి, అసలు నియమమే వర్తించనివి. ఏ సాధనమైనా, ఏ మనిషైనా ముందు ఆ ముక్కల మీద సరైన జవాబు చెప్పాకే అసలు పేజీల జోలికి వెళ్లాలి. పరీక్షకుడికే పరీక్ష పెట్టే ఏర్పాటన్నమాట.

ఇందులో మీ శాఖలు గట్టిగా పట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. నియమంలో ఫెయిలైతే ప్రమాణంలో ఫెయిలైనట్టే. నియమంలో పాసైతే మాత్రం ఆ ప్రమాణం నెరవేరిందని అర్థం రాదు, ఇంకా చూడాల్సింది ఉందని మాత్రమే. ఫెయిల్ అన్న మాట తిరుగులేనిదిగా ఉండాలని ఇలా పెట్టారు. తప్పుడు ఫెయిళ్లు ఎక్కువైతే డెవలపర్లు రిపోర్టును చూడటమే మానేస్తారు. ఇది టెండరులోకి వస్తే, యంత్రం చెప్పిన ఫెయిల్ మీద బిల్లు ఆపవచ్చు, యంత్రం చెప్పిన పాస్ మీద మాత్రం బిల్లు ఇవ్వకూడదు. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

ఇక తెలుగు సంగతి. ఈ ఉత్తరం నేను ఢిల్లీకి కాకుండా మీకు రాస్తున్నది దీనికోసమే. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణాన్ని రెండు భాగాలుగా తెచ్చింది. ఏముండాలో మొదటిది చెబుతుంది, ఉందో లేదో ఎలా నిర్ధారించాలో రెండోది చెబుతుంది. దేశానికంతటికీ కలిపి రాసిన ప్రమాణం తెలుగు ఫాంటు లోపలి గొడవ దాకా దిగి రాదు. అది తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

తెలుగుకు, లిపులన్నిటి ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. అయినా మన డీటీపీ సెంటర్లలో, పత్రికల్లో, కార్యాలయాల్లో అను ఫాంట్లతో టైపు చేసే అలవాటు చాలాకాలం నడిచింది, ఇంకా పూర్తిగా పోలేదు. ఆ పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలను, గుర్తులను. ఫాంటు వాటిమీద తెలుగు బొమ్మ పరుస్తుంది, అంతే. అలా టైపు చేసిన ఉత్తర్వును పీడీఎఫ్ చేసి సైట్లో పెట్టారనుకోండి. కంటికి ముత్యాల్లాంటి అక్షరాలు. అందులోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే డాలరు గుర్తులు, కామాలు, అర్థంలేని రోమన్ అక్షరాలు వరసగా పడతాయి. స్క్రీన్ రీడర్ గట్టిగా చదివేది వాటినే. ఒక అంధ ఉపాధ్యాయుడు తన బదిలీ ఉత్తర్వు వినాలనుకుంటే వినిపించేది ఆ గుర్తుల పేర్లు. మామూలు పరీక్షా సాధనాన్ని దానిమీద పెట్టి చూడండి. పాఠం ఉంది, ట్యాగులు ఉన్నాయి, శీర్షిక ఉంది, భాష తెలుగని ప్రకటించి ఉంది. అన్నీ పాస్.

ఈ లోపాన్ని యంత్రమే పట్టగలదు, నియమం రాసిచ్చేవాళ్లు ఉంటే. ఎలాగో చెబుతాను. తెలుగు అని ప్రకటించిన ప్రతి పాఠభాగానికీ ఈ నియమం వర్తిస్తుంది. అంకెలు, విరామ చిహ్నాలు, వేరే భాషదని విడిగా గుర్తు పెట్టిన మాటలు తీసేయాలి. మిగిలిన అక్షరాలు యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లోవి అయి ఉండాలి. అను ఫాంటు పత్రం ఇక్కడ మొదటి వాక్యంలోనే ఫెయిలవుతుంది. స్కాన్ చేసిన ఉత్తర్వులో అసలు పాఠమే ఉండదు కాబట్టి దానికి తోడుగా ఇంకో నియమం కావాలి: పేజీలో బొమ్మ తప్ప పాఠం లేకపోతే ఫెయిల్.

యూనికోడ్‌లో టైపు చేసినా చిక్కు పూర్తిగా తీరదు. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఏ ఆకారం ఏ అక్షరానిదో చెప్పే పట్టిక తప్పుగా తయారవుతుంటుంది. అప్పుడు ‘ప్రభుత్వ ఉత్తర్వులు’లో క్రావడి ఎక్కడికో పోతుంది, వత్తులు రాలిపోతాయి లేదా ముందు వెనకలవుతాయి. అక్షరాలన్నీ తెలుగు స్థానాల్లోనే ఉంటాయి కాబట్టి ఇందాకటి నియమం దీన్ని పాస్ చేసేస్తుంది. ఇక్కడికి మనిషి రావాలి. మూడు చోట్ల నుంచి పేరాలు కాపీ చేసి, తెర మీది పాఠంతో పక్కపక్కన పెట్టి, ముఖ్యంగా సంయుక్తాక్షరాలు చూడాలి. తర్వాత తెలుగు గొంతుతో ఒకసారి వినాలి. ఇది కూడా నియమంగానే రాయాలి. ఏ పేరాలు ఎంచాలి, ఎన్ని తేడాలు వస్తే ఫెయిల్ అన్నది కాగితం మీద ఉండాలి.

భాష ప్రకటన మాటకొస్తే, సైటు ఇంగ్లీషులో కట్టి తర్వాత తెలుగు చేర్చిన చోట్ల పేజీ కోడ్‌లో భాష ఇంగ్లీషనే ఉండిపోతుంది. దాంతో స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతు ఎత్తుకుంటుంది. అలాంటి గొంతుల్లో కొన్ని తెలుగు మాటలను మౌనంగా దాటేస్తాయి, ఇంకొన్ని అక్షరాలను ఒక్కొక్కటిగా ఏకరువు పెడతాయి. భాష ప్రకటించారా అన్నది చూసే నియమం దీన్ని ఒప్పేసుకుంటుంది. ప్రకటించిన భాషా అసలు పాఠం భాషా ఒకటేనా అన్న నియమం ఏసీటీలో విడిగా ఉంది. దానికి తెలుగు ఉదాహరణలు రాసి చేర్చే పని మనది. బస్సు, ఫోను, ఆధార్ లాంటి మాటల్ని పరాయి భాషగా లెక్కగట్టకూడదని కూడా అందులో స్పష్టం చేయాలి. వాడుకలో కలిసిపోయిన మాటలకు డబ్ల్యూసీఏజీయే మినహాయింపు ఇచ్చింది.

మసక చూపుతో, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేవారి సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. లాటిన్ అక్షరాలు ఒక గీత మీద కూర్చుంటాయి. మన అక్షరానికి కింద వత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది. ఇంగ్లీషు కొలతలతో కట్టిన బటన్లో ‘దరఖాస్తు’ అని పెడితే తావత్తు అడుగు కోసుకుపోతుంది. అక్షరాన్ని 200 శాతానికి పెంచినప్పుడు పాఠం పోకూడదని డబ్ల్యూసీఏజీ అంటుంది. వత్తు పోతే పాఠం పోయినట్టేనా? తెలుగు చదివేవాడికి ముమ్మాటికీ పోయినట్టే. ఇంగ్లీషు పరీక్షకుడికి అది కనిపించదు. వత్తు, గుడి, కొమ్ము, ఏ గుర్తయినా పూర్తిగా కనబడాలని మన నియమంలో రాసుకోవాలి.

మనిషి చేసే పరీక్షకు నియమం ఎందుకు, అనుభవం చాలదా అని నన్ను చాలామంది అడుగుతారు. చాలదు. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం ట్రస్టెడ్ టెస్టర్ అనే పద్ధతిని పెట్టుకున్నదే అందుకు. పరీక్షకుడు ఎవరైనా అదే మెట్ల వరస, అదే ఫలితం, దానికి శిక్షణ, ధ్రువపత్రం. సెషన్ గడువునే తీసుకోండి. దరఖాస్తు నింపుతున్నవారు ధ్రువపత్రం నంబరు వెతుక్కుని, స్క్రీన్ రీడర్‌తో నెమ్మదిగా టైపు చేసేలోగా పేజీ లాగౌట్ అవుతుంది, నింపినదంతా పోతుంది. గడువు ముగిసే ముందు హెచ్చరించాలని, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, అలా పదిసార్లయినా పొడిగించుకోనివ్వాలని డబ్ల్యూసీఏజీ దారి చూపింది. దాన్ని పరీక్షగా మార్చాలంటే ఫారంలో ఏ ఖానా దగ్గర ఆగాలి, ఎంతసేపు చేతులు కట్టుకు కూర్చోవాలి, హెచ్చరిక చెవికి వినబడిందా, ఒక్క మీటతో పొడిగింపు కుదిరిందా అన్నది వరసగా రాయాలి. రాయకపోతే ఒక పరీక్షకుడు రెండు నిమిషాలు చూసి పాస్ అంటాడు, మరొకరు పది నిమిషాలు కూర్చుని ఫెయిల్ అంటారు.

ఈ పరీక్షలు చేసేవారిలో వైకల్యం ఉన్నవారు తప్పక ఉండాలి, వారికి డబ్బు చెల్లించాలి. పరీక్షల్లో అంధులను భాగం చేయాలని ప్రజ్ఞా ప్రసూన్ తీర్పు కూడా చెప్పింది. ‘మీ సలహాలు ఇవ్వండి’ అని పిలిచి టీ ఇచ్చి పంపే పద్ధతి పోవాలి. నైపుణ్యం ఉన్నవారి రోజు కూలి ఎంతో అంత ఇవ్వాలి. మనకు మనుషుల కొరత లేదు. 2011 జనగణన ప్రకారమే ఉమ్మడి రాష్ట్రంలో వైకల్యం ఉన్నవారు 22 లక్షలకు పైగా. నల్సార్ ఉంది, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఉంది, భాషా సాంకేతికత మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఐఐఐటీ హైదరాబాద్ ఉంది. వీరందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే అధికారం మీకుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, అన్ని సైట్లూ ఒకేసారి వద్దు. పింఛన్లు, ఉపకార వేతనాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఉద్యోగ పరీక్షల దరఖాస్తులు, ఉత్తర్వుల పేజీలు చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి కాబట్టి ఫోన్లోకి వచ్చే పీడీఎఫ్‌లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మొదటి విడతకు తెలుగు పాఠం యూనికోడ్‌లో ఉందా, పీడీఎఫ్‌లో అక్షరాలు చెదిరిపోయాయా, ప్రకటించిన భాష సరైనదేనా, ఖానా పేరు పని చెబుతోందా, వత్తులు తెగాయా, సెషన్ గడువు పొడిగించుకోవచ్చా అన్న నియమాలు రాయించండి. ప్రతిదానికీ పాస్, ఫెయిల్, వర్తించని ఉదాహరణలు కలపండి. ముసాయిదాను స్క్రీన్ రీడర్ చదవగల మామూలు వెబ్ పేజీగా పెట్టి, అభ్యంతరాలు తెలుగులో తీసుకోండి. తర్వాత వాటిని ఏసీటీ రూల్స్ రాసే డబ్ల్యూ3సీ బృందానికి పంపించండి. పాత ఫాంట్ల బెడద మన ఒక్కరిదే కాదు, హిందీకీ కన్నడానికీ తమిళానికీ ఉంది.

టెండర్లలో ఇప్పుడున్న ఆ ఒక్క వాక్యం స్థానంలో ఈ నియమాల పట్టిక జత చేయండి. చివరి విడత చెల్లింపును స్క్రీన్‌షాట్ మార్కులతో కాకుండా, యంత్ర నియమాల్లో ఫెయిల్ ఏదీ మిగల్లేదన్న రిపోర్టుతో, మానవ పరీక్షలు చేసినవారి సంతకాలతో ముడిపెట్టండి. సైటు నడుస్తున్నన్నాళ్లూ యంత్ర పరీక్ష ఫలితాలను శాఖల వారీగా నెలనెలా బయటపెట్టండి. ముసాయిదా రాసే పనికి పిలిస్తే నాలాంటి పరీక్షకులు వచ్చి కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
భవదీయ,
హైదరాబాద్‌లో వెబ్ యాక్సెసిబిలిటీ పరీక్షలు చేసే ఒక వృత్తి నిపుణురాలు